లీడ్స్ వార్తల్లో మా తాతయ్య నోరు

ఉత్తర ఇంగ్లండులో మా తాతయ్య విల్ఫ్ క్రాబ్‌ట్రీని అడగకుండా ఒక్క చినుకు కూడా రాలదు. టీవీలో మాంచెస్టర్ వాళ్ళు వాన అంటారు, లీడ్స్ వాళ్ళు ఎండ అంటారు. ఎవరి మాట వినాలో తెలియక మేఘాలు మా పెరటి గోడ మీదికి వచ్చి, తాతయ్య గొడుగు తీస్తాడా లేదా అని తొంగి చూస్తాయి. తీస్తే కురుస్తాయి. నేను కళ్ళారా చూశాను.

తాతయ్యకి మాత్రం తన గొప్పతనం తెలియదు. ఆయనకి తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది, తను ఎటువైపువాడో.

మా ఊరు థార్న్‌డెన్ ఒక ఇరుకు లోయ. మధ్యలో వాగు. తూర్పు గట్టు యార్క్‌షైర్ జిల్లా, పడమటి గట్టు లాంకషైర్ జిల్లా. కొండలు అడ్డు కాబట్టి తూర్పు గట్టు మీది యాంటెన్నాలన్నీ లీడ్స్ వైపు, పడమటి గట్టువన్నీ మాంచెస్టర్ వైపు మొహం పెట్టుకుని ఉంటాయి. సాయంత్రం ఆరయ్యేసరికి ఒకే ఊళ్ళో రెండు రకాల వార్తలు. తూర్పు గట్టున పుట్టిన తాతయ్య పెళ్ళి చేసుకుని వంతెన దాటి మా నానమ్మ ఎనిడ్ గట్టుకి వచ్చాడు. పెట్టె తెచ్చుకున్నాడు, బ్యాండులో వాయించే పెద్ద బాకా తెచ్చుకున్నాడు. లీడ్స్ వార్తలు మాత్రం తెచ్చుకోలేకపోయాడు.

"మావాళ్ళ కొంప అంటుకున్నా నాకు చెప్పే దిక్కు లేదు," అని ఇప్పటికీ సణుగుతాడు.

"వంతెన అక్కడే ఉంది, వెళ్ళి చూసి రా," అంటుంది నానమ్మ.

తాతయ్య ఉద్యోగమంతా నూలుకి రంగులద్దే మిల్లులో. రిటైరై ఎన్నేళ్ళయినా గోళ్ళ చుట్టూ నీలం పోలేదు. మా ఊరి బ్యాండులో అందరికంటే పెద్ద బాకా, అందరికంటే పెద్ద వయసు ఆయనవే. బాకా ఊదని రోజుల్లో అందులో మా పిల్లి పడుకునేది.

ఆ బ్యాండుని నడిపించేది క్లిఫర్డ్ ఆగ్డెన్. తాతయ్యా ఆయనా కలిసి బడి ఎగ్గొట్టినవాళ్ళు. ఆ ఏడాది బ్యాండు పోటీలకి ముందు క్లిఫర్డ్ తాతయ్యని చర్చి వెనక బెంచీ మీద కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పాడు. కుడి చెవి పూర్తిగా పోయింది. బ్యాండు కమిటీవాళ్ళకి తెలిస్తే, తను ఊపుతూ బ్యాండుని నడిపించే కర్ర లాక్కుని పోస్టాఫీసు గుమస్తా చేతిలో పెడతారు. "ఆ కర్ర లేకపోతే నేను బతకలేను, విల్ఫ్. ఎవరికీ చెప్పకు," అన్నాడు. తాతయ్య ఒట్టు పెట్టుకున్నాడు.

శనివారం పోటీ అనగా సోమవారం నాడు లీడ్స్ టీవీవాళ్ళు బ్యాండుని చూపిద్దామని రిహార్సల్‌కి వచ్చారు. పెద్దవాడని తాతయ్యని నిలబెట్టి, మొహం మీద కెమెరా దీపం వేసి ఏదో అడిగారు.

ఇంటికొచ్చిన తాతయ్య కోటు కూడా విప్పలేదు.

"ఎనిడ్, నేనేదో అన్నాను."

"ఏమన్నావు?"

"అదే తెలియడం లేదు. ఆ దీపం చూడగానే నా నోరు దాని దారిన అది పోయింది."

"ఎప్పుడూ పోయేదేగా."

"క్లిఫర్డ్ చెవి సంగతి అనేశానేమో!"

అలా ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకున్న సంగతి నానమ్మకి తెలిసింది. బల్ల కింద పిల్లితో ఆడుకుంటున్న నాకూ తెలిసింది.

అది బుధవారం సాయంత్రం లీడ్స్ వార్తల్లో వస్తుందన్నారు. మాకు వచ్చేది మాంచెస్టర్. తూర్పు గట్టున ఎవరింటికైనా వెళ్ళి చూద్దామంటే, అక్కడ అందరి ముందూ ఆ మాట వినబడితే ఎలా అని భయం. అందుకని తాతయ్య మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని కప్పెక్కి, పుట్టి బుద్ధెరిగాక తాకని యాంటెన్నాని లీడ్స్ వైపు తిప్పడం మొదలుపెట్టాడు. లోపల టీవీ ముందు నానమ్మ, గుమ్మంలో నేను.

"ఇప్పుడు?" పైనుంచి తాతయ్య.

"తెర నిండా మంచు కురుస్తోంది!" లోపలి నుంచి నానమ్మ.

"ఇప్పుడు?"

"ఒకే మనిషికి రెండు తలకాయలు వచ్చాయి!"

"వాడు లీడ్స్‌వాడా, మాంచెస్టర్‌వాడా?"

"నాకేం తెలుసయ్యా, ఒక్కో తలా ఒక్కోటిలా ఉంది!"

ఆరు గంటలకి ఆ మంచులో బాకా ఒకటి కనిపించింది. దాని వెనక తాతయ్య టోపీ. టోపీ కింద నోరు. నోరు ఆడుతోంది, మాట మాత్రం రావడం లేదు, ఉల్లిపాయలు వేగుతున్న చప్పుడు తప్ప. ఇంతలో టీవీలోని తాతయ్య చెయ్యెత్తి తన చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"చచ్చాను," అన్నాడు కుర్చీలోని తాతయ్య.

"దురద పుట్టిందేమో," అంది నానమ్మ.

"నాకు చెవిలో దురద ఎప్పుడు పుట్టింది?"

మర్నాడు పొద్దున అదే మాటని లీడ్స్ లోకల్ రేడియోలో కూడా వేస్తారని తెలిసింది. ఆ రేడియో మా ఇంట్లో స్నానాల తొట్టిలో తప్ప ఎక్కడా పలకదు. మంచు పడినప్పుడు ఏయే బళ్ళు మూసేశారో వినడానికి నన్ను అందులోనే కూర్చోబెట్టేవాళ్ళు. ఊళ్ళ పేర్లు వరసగా చదువుతూ సరిగ్గా మా ఊరి దగ్గరికి వచ్చేసరికి అది గాలిలో కలిసిపోయేది, నేను బూట్లు తొడుక్కుని బడికి పోయేదాన్ని. ఆ పొద్దున తాతయ్య కోటూ మఫ్లరూ వేసుకుని, రేడియోని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఖాళీ తొట్టిలో కూర్చున్నాడు. "మా క్లిఫర్డ్..." అన్న తాతయ్య గొంతు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత ఏదో చర్చి పాట వచ్చింది.

"మా క్లిఫర్డ్ ఏమిటి? ఏమిటే, మా క్లిఫర్డ్ ఏమిటి?" అని నన్నే అడిగాడు, నేనేదో దాచుకున్నట్టు.

ఇక ఆగలేక వంతెన దాటి మాంసం కొట్టుకి వెళ్ళాడు. కొట్టు నడిపే బారక్లావమ్మకి ఊళ్ళో తెలియని సంగతి ఉండదు. తోకలా నేనూ వెళ్ళాను.

"నిన్న టీవీ చూశావా?" అన్నాడు, సాసేజీల వంక చూస్తూ.

"చూడకేం నాయనా! భలే ఉన్నావు," అని ఆవిడ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా మాటలు..."

"అబ్బో, మాటలా!" అని మళ్ళీ నవ్వింది.

చెవి సంగతి అన్నానా అని అడగలేడు. అడిగితే చెప్పేసినట్టే. సాసేజీలు కొనకుండానే వచ్చేశాడు.

శుక్రవారం ఆఖరి రిహార్సల్. నేను కిటికీ దగ్గర బెంచీ మీద కూర్చున్నాను. తాతయ్య క్లిఫర్డ్ పక్కకి వెళ్ళి "బాగున్నావా?" అన్నాడు. జవాబు లేదు. "రేపు వాన పడుతుందంటావా?" అన్నాడు. క్లిఫర్డ్ తల కూడా తిప్పలేదు. తాతయ్య మొహం పాలిపోయింది. తను నిలబడింది కుడిచెవి వైపని, పాపం, ఆ కంగారులో తోచలేదు.

"క్లిఫర్డ్!" అని ఒక్క అరుపు అరిచాడు. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. "నన్ను తిట్టు, కొట్టు, అంతేగానీ ఇలా మాట్లాడకుండా ఉండకు! నీ కుడి చెవి వినబడదని నేను టీవీలో కావాలని చెప్పలేదు!"

బ్యాండుమేళం మొత్తం బాకాలు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. కమిటీ పెద్ద కూడా అక్కడే ఉన్నాడు. క్లిఫర్డ్ మెల్లిగా ఇటు తిరిగాడు.

చిన్న బాకా వాయించే మేవిస్ గొంతు సవరించుకుంది. "విల్ఫ్ మామయ్యా, అది మాకెప్పుడో తెలుసు. అందుకేగా డ్రమ్ముని ఆయన ఎడమ పక్కకి జరిపాం."

క్లిఫర్డ్ కమిటీ పెద్ద వంక చూశాడు.

"జరపమని చెప్పింది నేనే," అన్నాడాయన, బూట్ల వంక చూసుకుంటూ. "నువ్వు చెయ్యెత్తితే వీళ్ళు ఊదుతున్నారు. ఇంకేం కావాలి మాకు?"

"మరి నాతో ఒక్కళ్ళూ అనలేదేం?" అన్నాడు క్లిఫర్డ్.

"నీకు తెలుసనుకున్నాం," అంది మేవిస్.

క్లిఫర్డ్ కాసేపు కర్ర వంక చూశాడు. కోపం రావాలో నవ్వు రావాలో ఆయనకీ తెలిసినట్టు లేదు. చివరికి తాతయ్య చెయ్యి పట్టుకుని ఎడమ వైపుకి తెచ్చి నిలబెట్టాడు. "ఏమన్నా అనాలనుంటే ఇక్కణ్ణుంచి అను, వెధవా," అన్నాడు. శనివారం పోటీలో కర్ర ఆయన చేతిలోనే ఉంది.

"అయితే నేను టీవీలో అన్నదేమిటి?" అన్నాడు తాతయ్య ఆ రిహార్సల్‌లోనే, అందరి వంకా చూస్తూ.

ఆ వార్తలు తూర్పు గట్టు మొత్తం చూసింది. ఒక్కళ్ళకీ మాట గుర్తులేదు.

"నీ టోపీ వెనక్కి తిరిగి ఉంది, మామయ్యా," అంది మేవిస్. "మేమంతా అదే చూస్తూ కూర్చున్నాం."

యాంటెన్నా ఇప్పటికీ ఆయన తిప్పిన చోటే ఉంది, మాకు అటూ రాదు, ఇటూ రాదు. టీవీ లేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నప్పుడే, మేఘాలు తాతయ్య గొడుగు కోసం చూడటం నేను కనిపెట్టాను. మొన్న ఇదంతా రాసి తాతయ్యకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఎలా ఉందని అడిగాను.

"మాంచెస్టర్ వార్తల్లాగే ఉంది, అందులో నేను లేను. పోయి టీ పెట్టు."