బుజ్జమ్మ పట్టిన మూగపిల్లి

గద్వాల దగ్గరి అయిజలో బుజ్జమ్మకు సరుకు అమ్మడమంటే దుకాణదారుకు చెమటలు పట్టాల్సిందే. పాలు పోస్తే వేలు ముంచి చూస్తుంది. వేరుశనక్కాయలు కొంటే సంచి అడుగు నుంచి గుప్పెడు తీయించి ఒలిచి చూస్తుంది. అట్లాగని చెడ్డ మనిషేం కాదు. మొగుడు పోయాక పాతికేళ్లు పత్తి విత్తనాల చేలల్లో పూలకు పుప్పొడి అద్దే కూలికి పోయి, ఒక్కగానొక్క కూతురు రేణుకను పెంచింది. నమ్మిన ప్రతివాడూ ముంచినవాడే. ఇక అనుమానం రాక ఏమొస్తుంది పాపం!

ఇప్పుడు ఆమె ప్రాణమంతా మనవరాలు సుప్రియ మీదే. పిల్లకు మూడేళ్లు నిండినా ‘అవ్వా’ అన్న ముక్క కూడా నోట రాలేదు. మాటలు వస్తాయని వసకొమ్ము అరగదీసి రోజూ నాలుకకు రాసింది. రెండు నెలలైనా ఫలితం లేదు. ఇంకేముంది, అనుమానం ఆ వస అమ్మిన బాలస్వామి మీదికి పోయింది.

“ఇది వసేనా, ఎండిన అల్లం ముక్కనా? నిజం చెప్పు బాలస్వామీ!”

“నీ నోట్ల ఏసుకో అక్కా, నీకే తెలుస్తది,” అన్నాడతను విసుగ్గా.

వేసుకుంది. నాలుక చేదెక్కి చుర్రుమంది. వస అసలైనదే.

అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడనుకుంది. పిల్ల అన్నం తినాలని అల్లుడు శేఖర్ ఇంట్లో ఉంచే ఫోన్లో పిల్లీ ఎలుకా బొమ్మలు పెట్టి పనికి పోతాడు. బుజ్జమ్మ పుట్టకముందటి పాతకాలపు బొమ్మలవి. అతనికి గోల గిట్టదు, అందుకే శబ్దం బాగా తగ్గించి పెడతాడు. బుజ్జమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మూడు రోజులు కాపలా కూర్చుంది. ఫోన్ చెవికి ఆనించుకుని మరీ విన్నది. పిల్లి తోక తలుపులో నలుగుతుంది. ఎలుక పెనంతో దాని మొహం పచ్చడి చేస్తుంది. బాంబు పేలి పిల్లి బొగ్గవుతుంది. ఇంత జరిగినా రెండింటి నోటా ఒక్క మాట లేదు!

“దొరికిండు దొంగ! గీ మూగపిల్లిని చూసుకుంటనే పిల్ల మాట నేర్వలే,” అని ఫోన్ గుంజుకుని జొన్నల డబ్బాలో దాచింది.

సుప్రియ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. రేణుక వచ్చి తల్లి మీద విరుచుకుపడింది.

“మనుషుల మీద అనుమానం సాలదా నీకు, పిల్లుల మీద గూడనా? ఫోన్ తేపో అమ్మా!”

బుజ్జమ్మ మూతి ముడుచుకుని తెచ్చింది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మలు పెడుతూ, ఫోన్ పక్కనున్న మీటను ఎట్లా నొక్కిందో ఏమో, శబ్దం పెరిగిపోయింది. పిల్లి మీద పళ్లేల దొంతర పడగానే ఫోన్ ధడేల్‌మంది. బుజ్జమ్మ గుండె ఆగినంత పనైంది. గడపలో పడుకున్న కుక్క లేచి పరుగెత్తింది. సుప్రియ మాత్రం ఉలిక్కిపడలేదు. ముద్ద నములుతూనే ఉంది. పిల్లి నెత్తిన బొప్పి లేచాక పకపకా నవ్వింది.

బుజ్జమ్మకు ఇంకో అనుమానం వచ్చింది. అనుమానాలన్నిట్లోకీ పాడు అనుమానం ఇది. దీన్ని ఎవరి మీదికీ తోయడానికి లేదు. పిల్ల చేతికి ఫోన్ ఇచ్చి, గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. వెనక నిలబడి స్టీలు తాంబాళాన్ని గరిటెతో కొట్టింది. పిల్ల తిరగలేదు.

“ఏందమ్మా గా లొల్లి?” అంటూ రేణుక వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఇంత సప్పుడు చేసినా పిల్ల తిరుగుత లేదే. నా చేతుల బలం లేదేమో. జర నువ్వు కొట్టు.”

రేణుక తల్లి పక్కకు వచ్చి నిలబడింది. గరిటె అందుకుని కొట్టింది. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. సుప్రియ పిల్లినే చూస్తోంది.

“ఇంకోపారి! గట్టిగ కొట్టవే!”

కొట్టింది. పిల్ల తల కదల్లేదు.

బుజ్జమ్మ నేల మీద చతికిలబడి బోరుమంది. “ఏడ్వకమ్మా, రేపు పొద్దుగాల్నే గద్వాల దవాఖాన్ల చూపిద్దాం,” అంది రేణుక, తనూ ఏడుస్తూనే.

“చూపిద్దాం బిడ్డా. గని మూడేండ్ల సంది రోజూ జోలపాట పాడి పండవెడ్తున్న కదనే,” అంది బుజ్జమ్మ. “ఒక్క పాట గూడ ఇనలే నా తల్లి.”