లింబాద్రి ముట్టని గిన్నెలు

ఎల్లారెడ్డిలో లింబాద్రి తలకాయ కూర పొయ్యి మీద పెట్టాడంటే, అక్కడ కర్ణాటక సరిహద్దున జుక్కల్‌లో కన్నడం మాట్లాడేవాళ్లకు కూడా నోరూరుతుంది. ఇందులో అబద్ధం లేదు, ఉన్నా చిటికెడే. దుబాయిలో ఒక షేకు అతని చేతి కూర తిన్న మర్నాడే ఒంటెలన్నీ అమ్మేసి మేకలు కొన్నాడని వాడకట్టంతా చెప్పుకుంటుంది. ఆరేళ్లు అక్కడ పెద్ద వంటవాడిగా చేసి వచ్చిన మనిషని పేరు మరి.

వచ్చి రెండేళ్లయింది. ఉల్లిగడ్డ తరగడంలో, గసగసాలు వేయించడంలో అతనికున్న ఓపిక పూజారికి పూజలో కూడా ఉండదు. కానీ కూర దించిన మరుక్షణం చేతులు తుడుచుకుని బయటికి నడుస్తాడు. ఒక్క కూరకు నాలుగు గిన్నెలు, మూడు గంటెలు, అడుగంటిన మూకుడు. అన్నీ అతని భార్య నిరోషకే.

నిరోష బీడీలు చుడుతుంది. కార్ఖానా ఇచ్చిన పదిహేనేళ్ల నాటి కార్డు ఆమెది, అది ఉంటేనే పని. బీడీకి తునికాకు బిగుతుగా తిరగాలంటే వేళ్ల కొసలు బాగుండాలి. సబ్బునీళ్లలో నాని నాని అవి పగిలాయి. పగుళ్లకు ఆకు గుచ్చుకుంటుంటే పట్టు వదులవుతోంది.

ఆ శనివారం కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే రాజన్న ఆమె కట్టల్లో సగం పక్కకు తోసేశాడు.

"వదులుగున్నయ్ నిరోషా. ఇంకోసారి గిట్లనే తెస్తే కార్డు తీసేస్తరు. నేను జెప్పినా ఇనరు."

ఇంటికొచ్చి ఆ మాటే మొగుడికి చెప్పింది.

"రేపు మీ అన్నొస్తుండు గదా, కాళ్ల పులుసు చేస్త" అన్నాడు లింబాద్రి.

మర్నాడు ఆమె అన్న మహిపాల్ వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. నిరోష చేయి కడుక్కుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టసాగింది. గిన్నెలు నల్లా దగ్గర అట్లాగే పడి ఉన్నాయి.

"గిన్నెలకు చీమలు పడుతున్నయ్" అన్నాడు లింబాద్రి.

"పట్టనీ. చీమలన్న తోముతయేమో."

"మొగోణ్ణి తోమమంటవా?"

"వండేటప్పుడు యాదికి రాలేదా, మొగోనివని?"

మహిపాల్ నవ్వాడు. "బావా, షేకు కాడ గూడ గిట్లనే తప్పించుకున్నవా?"

లింబాద్రి నవ్వలేదు. భార్య వేళ్ల పగుళ్లలో తంబాకు పొడి ఇరికి నల్లగీతలయ్యాయి. వాటినే కాసేపు చూశాడు. లేచి, లుంగీ ఎగగట్టి, నల్లా దగ్గర కూర్చున్నాడు.

ఆ తర్వాత అతని చేతులు చేసిన పనికి నిరోష చుట్టే బీడీ సగంలో ఆగింది. ముందు గ్లాసులు, పిదప కంచాలు, మూకుడు వేడినీళ్లలో నానేసి చివరికి. గిర్రున ఒక్క తిప్పు తిప్పితే గిన్నె తెల్లగా బయటపడుతోంది. మహిపాల్ చేయి కడుక్కుని తువ్వాలు అందుకునేలోపు పద్నాలుగు గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఇంత పని వచ్చిన ఈ చేతులే రెండేళ్లుగా ఒక్క గిన్నె ముట్టలేదు. సగం చుట్టిన బీడీని ఆమె చాటలో పడేసింది.

"ఇంత మంచిగ ఏడ నేర్చినవ్?" అంది, మొగుడి మొహం చూడకుండా.

లింబాద్రి నల్లా కట్టేశాడు.

"దుబాయిల నేను వంట చెయ్యలే. ఆరేండ్లు గిన్నెలే తోమిన."