కడుక్కొని రా

నాకు తెల్లబట్టల పిచ్చి ఉండేది. ఆర్మూర్‌లో నేను నర్సుగా పనిచేసిన చిన్న సర్కారు దవాఖానలో రెండు బెంచీలు, మూడు మంచాలు ఉండేవి. మంచాల మీద పరిచే దుప్పట్లు, కిటికీ పరదాలు, నా చీర అన్నీ తెల్లనివే. డాక్టరుగారు మెతక మనిషి, బయటి పెత్తనమంతా నాదే. చీటీ ముందు ఎవరికివ్వాలి, ఎవరిని లోపలికి పంపాలి, ఎవరిని రేపు రమ్మనాలి అన్నది నా నోటి మీద నడిచేది. నోరంటే అలాంటిలాంటి నోరు కాదు. "సిస్టరమ్మ నోరు తెరిస్తే సూది ఎందుకురా, జరం గట్లనే దిగుతది" అని పసుపు గోదాముల హమాలీలు నవ్వుకునేవాళ్ళు. అది నాకు వినబడేది. వినబడినప్పుడు, సిగ్గు లేకుండా, సంబరపడేదాన్ని.

పసుపు కాలం వచ్చిందంటే ఆ ఊళ్ళో ఆకాశం తప్ప అన్నీ పచ్చనే. చుట్టుపక్కల ఊళ్ళలో ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు బస్తాల్లో దిగేది. గోదాముల్లో ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొమ్ములు వేరు, గడ్డలు వేరు ఏరేవాళ్ళు, చెరిగేవాళ్ళు, జల్లెడ పట్టేవాళ్ళు. ఆ పొడి వాళ్ళ మోచేతుల దాకా, ముక్కుల్లో, జుట్టు పాపిట్లో పేరుకుపోయేది. వాళ్ళకు జ్వరమో దగ్గో వచ్చి మా దగ్గరికొస్తే, కూర్చున్న చోటల్లా మరక పడేది. తెల్లబట్ట మీద పసుపు మరక ఎంత మొండిదో ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

ఒకసారి జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన మంచం మీది దుప్పటిపై ఐదు వేళ్ళ పచ్చగుర్తు చూసి, "ఇది దవాఖానా, పసుపు గోదామా?" అని నలుగురి ముందు అడిగాడు. నా తల కొట్టేసినట్లయింది. ఆ మర్నాడే ఒక కాయిదా, కొత్త నియమం, పెట్టాను. ఆవరణలో నల్లా దగ్గర సబ్బుముక్క, కొబ్బరిపీచు పెట్టించాను. గోదాం నుంచి వచ్చే ఆడవాళ్ళు ముందు అక్కడ కడుక్కోవాలి, ఆ తర్వాతే మెట్లెక్కాలి, అప్పుడే చీటీ. డాక్టరుగారు "శుభ్రత మంచిదేనమ్మా" అని ఊరుకున్నారు.

పంట పండించే ఇళ్ళ ఆడవాళ్ళకు ఈ కాయిదా లేదు. వాళ్ళు ముఖానికీ కాళ్ళకూ దిట్టంగా పసుపు రాసుకుని వచ్చేవాళ్ళు. బెంచీ మీద వాళ్ళ మరకలూ పడేవి. "రా పటేలమ్మా, కూసో" అని నేనే జరిగి చోటిచ్చేదాన్ని. ఒకరి ఒంటి మీద అది కళ, ఇంకొకరి ఒంటి మీద మురికి. నా బుర్రకు ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. జక్రాన్‌పల్లి అవతల మాదీ పసుపు పండించిన ఇల్లే. నాకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

ఎనభైల నడుమ ఒక మాఘమాసం పొద్దున వచ్చింది ఆమె. గోదాంలో ఏరే మనిషి, ఇరవై ఏళ్ళుంటాయేమో. మొదటి కాన్పు, ఆరో నెల. మెట్ల కింద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సిస్టరమ్మా, జర నన్ను సూడు. అన్నం సయిస్తలేదు, తిన్నది తిన్నట్టే కక్కుకుంటున్న. ఒళ్ళంత దురద. ఒంటికి పోయినా పచ్చగనే వస్తున్నది."

బెంచీ నిండా జనం ఉన్నారు. జనం ఉంటే నా నోటికి ఇంకా బలం.

"కడుపుతోని ఉన్నవ్, కక్కక ఏం జేస్తవే? పసుపుల పని జేస్తవ్, దురద వెట్టదా? పొద్దంత నీళ్ళు తాగకుంట కూసుంటే పచ్చగ రాక పాలలెక్క వస్తదా? పసుపు సంగతి నాకు చెప్తవా నువ్వు! పో, ముందుగాల కడుక్కొని రా."

బెంచీ మీదివాళ్ళు పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, పాపం. నల్లా దగ్గరికి పోయి కూర్చుని రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఎంతసేపు రుద్దుకుందో నేను చూడలేదు. మధ్యాహ్నం తలుపులు మూసేవేళకు అక్కడ లేదు.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఒక పూట కూలి వదులుకుని, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మెట్ల కిందే ఆగి, రెండు చేతులూ చాచి, ఒకసారి అరచేతులు, ఒకసారి వెనక్కి తిప్పి చూపించింది. నేను గుమ్మంలోంచి చూశాను. చేతులే చూశాను.

"ఇంక పోనే లేదు కదనే! మంచిగ రుద్దుకొని రేపు రా."

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నా సంగతి దానికి తలకిందులు. లోకమంతా పచ్చగా ఉన్నందుకు ఎదురుగా నిలబడ్డ పచ్చకామెర్లు నాకు కనబడలేదు. పసుపు చేతులకు అంటుతుంది, ముఖానికి అంటుతుంది, గోళ్ళలో ఇరుక్కుంటుంది. కంటి తెల్లగుడ్డుకు మాత్రం అంటదు. నర్సు చదువులో మొదటి ఏడాది చెప్పే సంగతి ఇది. నాలుగు మెట్లు దిగి, వేలితో కంటి కింది రెప్ప లాగి చూస్తే అయిపోయేది. నాలుగంటే నాలుగు మెట్లు! నేను దిగలేదు.

ఆ తర్వాత ఆమె రాలేదు. రాలేదన్న సంగతి కూడా నాకు గుర్తు లేదు.

తొమ్మిదో రోజు ఆమె మొగుడు రిక్షాలో పడుకోబెట్టి తెచ్చాడు. అతనూ ఆ గోదాంలోనే హమాలీ. రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్ల దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు, ఎక్కాలో వద్దో తెలియక నా వైపు చూశాడు. ఆమె మగతలో ఉంది, మాట ముద్దగా వస్తోంది. అయినా నన్ను చూడగానే చేతులు కొంగు కింద దాచుకుంది.

"ఇంక పోలే సిస్టరమ్మా," అంది. "బూడిదతోని రుద్దిన, దీపాల గాసునూనెతోని తుడిసిన, పోతలేదు. పోయినంక వద్దామని..."

కొంగు తీసి చూస్తే మోచేతుల దాకా చర్మం లేచిపోయి ఉంది. లేచిపోయిన చోట కూడా పచ్చగానే ఉంది. డాక్టరుగారు పరుగున వచ్చి కన్ను విప్పి చూశారు. కన్ను పసుపుకొమ్ము లోపలి రంగులో ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళకు కామెర్లు ఎంత చెడ్డవో ఆయన ముఖంలోనే కనబడింది.

"ఇన్ని దినాలు ఎందుకు తేలేదమ్మా వీళ్ళు?" అని నన్నడిగారు.

"ఇప్పుడే తెచ్చిండ్రు సార్," అన్నాను.

ఆ మాట అంత నున్నగా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. మొగుడు అక్కడే ఉన్నాడు, విన్నాడు. నిజామాబాద్ పెద్ద దవాఖానకు పంపే కాగితంలో, ఆలస్యానికి కారణం అన్న చోట, "అవగాహన లేక" అని నా చేత్తోనే రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

ఆమె బతికింది. బిడ్డ కడుపులోనే పోయింది. మగపిల్లవాడట.

రెండు నెలలకు, సన్నగా కట్టెలా అయిపోయి, దవాఖానకు వచ్చింది. మెట్ల కిందే నిలబడి చిన్న మూట చాచింది. అందులో మేలిరకం పసుపుకొమ్ములు. "నువ్వు టయానికి పెద్ద దవాఖానకు తోలిచ్చినవ్ సిస్టరమ్మా, లేకుంటే నేను మట్టిల కలుస్తుంటి" అంది. డాక్టరుగారు పక్కనే ఉన్నారు, మెచ్చుకోలుగా తల ఊపారు. నేను ఆ మూట తీసుకున్నాను. ఛీ, తీసుకున్నాను! ఇంటికి తెచ్చి వంటింట్లో పై అరలో పెట్టాను. కూరలో వెయ్యలేను, పారెయ్యలేను. పసుపు పారేయకూడదంటారు కదా, అదో సాకు దొరికింది.

సబ్బుముక్క, పీచు నల్లా దగ్గరినుంచి తీయించేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు నుంచి గోదాం మనిషి ఎవరొచ్చినా ముందు కన్ను చూసేదాన్ని. నేను మారిపోయానని నన్ను నేనే ఓదార్చుకునేదాన్ని. దొంగ మారినా సొమ్ము ఇంట్లోనే ఉంది.

తొంభైలు వచ్చాక కూలీల వాడల్లో ఆరోగ్యం మీద మీటింగులు పెట్టమని మాకు ఆర్డర్లొచ్చాయి. పేదసాదలకు కూడా వైద్యం సమానంగా అందాలని, వాళ్ళు దవాఖానకు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారో తెలుసుకోవాలని. మా దగ్గర ఆ మీటింగు గోదాముల వెనక వాడలో, బడి వరండాలో పెట్టారు. మైకు నా చేతికిచ్చారు. నోరున్నదాన్ని కదా! నేను లేచి, నాకు నోటికొచ్చిన పాఠమే చెప్పాను. అవగాహన లేక ఆలస్యం చేస్తున్నారు, రోగం ముదరబెట్టుకుంటున్నారు, అని.

అప్పుడు వెనక వరసలోంచి ఒకామె లేచింది. చూడగానే గుర్తుపట్టాను.

"సిస్టరమ్మ చెప్పేది నిజమే," అంది అందరివైపూ తిరిగి. "నన్ను సూడుండ్రి. సిస్టరమ్మ మంచిగ కడుక్కొని రమ్మన్నది. నాకే కడుక్కోరాలే. గందుకే నా కొడుకును పోగొట్టుకున్న. మీరు గట్ల జేసుకోకుండ్రి."

మీటింగుకు వచ్చిన ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. మైకు నా చేతిలోనే ఉంది. నిజం చెప్పడానికి దేవుడు ఇంతకన్నా ఏం అమరుస్తాడు? నేను దాన్ని పక్కనున్న ఆయన చేతికిచ్చి కూర్చున్నాను.

అయితే ఆ రోజు ఇంటికి పోలేకపోయాను. మీటింగు అయ్యాక ఆమె బోరింగు దగ్గర బిందె నింపుకుంటుంటే వెళ్ళాను. చెప్పేశాను. నీ ఒంటి మీదిది పసుపు కాదు, రోగం. మొదటి రోజే నీ కళ్ళు చూడాల్సింది నేను. చూడలేదు. రెండుసార్లు వెళ్ళగొట్టాను. తప్పు నీది కాదు, నాది.

ఆమె బోరింగు కొట్టడం ఆపింది.

"పెద్ద దవాఖానల కామెర్లన్నరు గని, పసుపు కడుక్కోకనే వచ్చినయనుకుంటి. అంటే, ఎంత కడిగినా పోకపోవునా?"

"పోదు. అది లోపలి రంగు."

చేతుల వైపు చూసుకుంది. మోచేతుల మీద పాతమచ్చలు అలాగే ఉన్నాయి.

"గీ ముచ్చట నీకెప్పుడు తెలిసింది సిస్టరమ్మా?"

"నిన్ను రిక్షాలో తెచ్చిన రోజే."

"గా దినమేనా," అంది. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూశాను. "మళ్ళ నాకు కడుపు నిలువలే. మా అత్త గిన్నేండ్ల సంది అంటనే ఉన్నది, ఒళ్ళు కడుక్కోరానిదానివి, పిలగాన్ని తిన్నవ్ అని. ఇప్పటికి గూడ బువ్వ వెట్టేముందు చేతులు సూపెట్టుమంటది. నేను గూడ నిజమే అనుకుంటి, సూపెడుతున్న."

మెట్ల కింద నిలబడి చేతులు చాచి తిప్పిచూపిన ఆ పిల్ల కళ్ళ ముందుకొచ్చింది. నేను పెట్టిన కాయిదా దవాఖానలో తీసేశాను గాని, వాళ్ళింట్లో ఇన్నేళ్ళుగా రోజుకు రెండు పూటలా నడుస్తోంది.

"నేను చెప్తే మా అత్త నమ్మది. నువ్వొచ్చి చెప్తవా?"

ఆదివారం పొద్దున వెళ్ళాను. ఒకటే గది, ముందు అరుగు. ఆమె మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంచింది, తెల్లది. కూర్చోమంది. నేను కూర్చోలేదు. అత్త అరుగు మీద కూర్చుని ఆకు నములుతోంది. నేను ముందే కూడబలుక్కుని వచ్చిన మాటలు మెల్లగా, మర్యాదగా చెప్పాను.

"ఏమంటుందే?" అంది ముసలామె కోడలితో. ఆమెకు చెవుడు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

కాస్త గట్టిగా చెప్పాను. పక్కింటామె చాట పట్టుకుని బయటికొచ్చింది. ముసలామె చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, "ఆఁ?" అంది. ఎదురింటివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళలో సగంమంది మీటింగులో నాకు చప్పట్లు కొట్టినవాళ్ళే. ఇంక దాక్కోవడానికి చోటు లేదు. ఏ నోటితో ఆ పిల్లను బెంచీ ముందు నవ్వులపాలు చేశానో ఆ నోటితోనే అరిచాను.

"తప్పు నాది! నీ కోడలిది కాదు! రోగం గుర్తువట్టకుంట, కడుక్కొని రమ్మని రెండుసార్లు ఎల్లగొట్టింది నేను! బిడ్డ పోయింది నా వల్ల!"

ముసలామెకు ఈసారి వినబడింది. నములుతున్నది ఆపి, నన్ను కాదు, కోడలి చేతులను చాలాసేపు చూసింది. తర్వాత గది వైపు తల తిప్పి కొడుకును పిలిచింది. అతను తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు, ఆ రోజు మెట్ల దగ్గర నిలబడ్డట్టే.

"మళ్ళొకపారి చెప్పు," అంది ముసలామె నాతో. "ఆడు ఇనలే."

మళ్ళీ చెప్పాను.