సార్ గారి రైలుకు స్టేషన్ మాస్టర్

మా సార్‌కు మొదట చుట్టల పిచ్చి ఉండేది. ఆయన ముందు ఆ మాట అనకూడదు, సిగార్ అనాలి. మా తాత పొలం గట్టున కూర్చుని కాల్చింది చుట్ట, సార్ దుబాయ్‌లో తన మిర్దిఫ్ విల్లాలో సోఫాలో కూర్చుని కాల్చేది సిగార్. వాటిని దాచడానికి ఒక చెక్కపెట్టె, ఆ పెట్టెలో తేమ ఎంతుందో చూపే ముల్లు. తర్వాత పాత కారు వచ్చింది. దానికి గుడ్డ కప్పడం, వారానికోసారి గుడ్డ తీసి తుడవడం, మళ్ళీ కప్పడం. ఎక్కి ఎక్కడికైనా వెళ్ళగా నేను చూడలేదు. ఈ రెండూ చాలక చివరికి బొమ్మ రైళ్ళు వచ్చాయి. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

చుట్టలూ కారూ ఆయన ఒక్కడి గొడవ. రైళ్ళు నడపాలంటే మాత్రం మనుషులు కావాలి. ఆ మనుషులం మేం.

జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో మా గిడ్డంగి కంపెనీకి ఆయన ముదీర్, అంటే మేనేజర్. నేను సరుకు కాగితాలు చూసే గుమాస్తాను. జగిత్యాల వైపు వాణ్ణి, అల్ కుసైస్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాను. అప్పటికింకా శుక్రవారమే సెలవు. బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసుకుని, కాళ్ళు చాపుకుని పడుకునే రోజు అదొక్కటే. సరిగ్గా ఆ రోజే, "తెలుగువాళ్ళం, మనలో మనకు మొహమాటం ఏంటయ్యా, భోజనానికి వచ్చేయండి" అని సార్ ఫోన్ వచ్చేది. భోజనం బాగానే ఉండేది, గుత్తివంకాయ, గోంగూర, గడ్డ పెరుగు. అది అరగకముందే మెడలో ఈల, చేతుల్లో రెండు జెండాలు పడేవి.

మేడ మీద గదంతా నిండేలా ఒక బల్ల. బల్ల మీద అట్టలతో కట్టిన కొండలు, ఒక సొరంగం, అటొకటీ ఇటొకటీ స్టేషన్లు, వాటి మధ్య ఒంటి పట్టాల దారి. అది అరకు వెళ్ళే లైనట. ప్లాట్‌ఫారం మీద అరటిపళ్ళు అమ్మే ఆడమనిషి బొమ్మ వేలిగోరంత ఉంటుంది. దాని చీర రంగు బాగాలేదని సార్ రెండుసార్లు వెనక్కి పంపి మార్పించారు. గిడ్డంగిలో ఫ్యాన్ చెడిపోయిందని మేం మూడుసార్లు కాగితం పెట్టుకున్నాం, ఎవరూ రాలేదు. ఆ బొమ్మగా పుట్టినా బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఇటు స్టేషన్‌కు నేను మాస్టర్‌ని. అటు స్టేషన్‌కు మా స్టోర్‌కీపర్. ఆయనది గుంతకల్లు దగ్గర పల్లె. నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అన్నా అనేవాడు. వాళ్ళ నాన్న ఒక చిన్న స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మొదటి రోజే భాయ్ సార్ ఆట చూసి ఆగలేకపోయాడు.

"సార్, ఒంటి లైన్లో ఇట్ల ఇష్టమొచ్చినట్ల బండి తీయగూడదు సార్. టోకెన్ ఉండల్ల. ఆ టోకెన్ రింగు చేతిలో పడంది డ్రైవరు బండి కదిలించడు. మా నాయన ఇచ్చేవాడు, పరిగెత్తే బండికి."

ప్యాకింగ్ తీగ వంచి తనే ఒక రింగు చేసుకొచ్చాడు. పట్టా ఒక్కటే కాబట్టి రింగూ ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ బండే కదలాలి. గూడ్సు నడిపే మీట ఆయన దగ్గర, ఎక్స్‌ప్రెస్ మీట సార్ దగ్గర. నా దగ్గర మీట లేదు. గూడ్సు నా స్టేషన్ చేరేదాకా ఎర్రజెండా పట్టుకోవాలి, చేరాక ఆయన "లైన్ క్లియర్" అని కేకేసి సార్‌కు రింగు అందిస్తే పచ్చజెండా ఊపాలి. సార్ మురిసిపోయారు. "ఇదయ్యా అసలు సిసలు రైల్వే అంటే!" అంటూ రింగును ఫొటో తీసి తన రైలు స్నేహితులందరికీ పంపించారు.

భాయ్ మాత్రం ఆటలా ఆడేవాడు కాదు. చొక్కా టక్ చేసుకుని, నిటారుగా నిలబడి, గూడ్సు వెనక డబ్బా నా స్టేషన్ చేరేదాకా కళ్ళు తిప్పేవాడు కాదు. సార్ సంగతి సరే, ఈయనకూ ఎక్కిందిరా పిచ్చి అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నాకు అందరూ చులకనే. గంగిరెద్దులా తల ఊపుతూ జెండా పట్టుకున్న నేను తప్ప.

2020లో కరోనా వచ్చి ఆట కొన్ని నెలలు ఆగింది. మళ్ళీ పిలుపు వచ్చేసరికి ముఖాలకు మాస్కులున్నాయి, కంపెనీలో లిస్టు ఉంది. సరుకు రావడం లేదు, మనుషుల్ని తగ్గించాలన్నారు. ఎవరిని ఇంటికి పంపాలో రాసేది సారే. గుమాస్తాల్లో నేను మిగులుతానో లేదో నాకు తెలియదు. భాయ్‌కి నాకంటే ఎక్కువ భయం ఉండాలి. షార్జా రోలాలో చిన్న ఫ్లాటులో భార్య, కూతురు ఉన్నారు. ఆ పిల్ల ఆ ఏడే పదో తరగతి. ఉద్యోగం పోతే వీసా పోతుంది, పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది.

ఆ శుక్రవారం సార్ తనలాంటివాళ్ళనే ముగ్గుర్ని పిలిచారు. ఒకాయన పాత గడియారాలు పోగుచేస్తాడట, ఇంకొకాయన సిగార్ వాసన చూసి ఏ దేశానిదో చెబుతాడట. ఇంత బతుకు బతికి నేర్చుకున్న విద్య అది. వాళ్ళ ముందు ఎక్స్‌ప్రెస్ వేగం చూపించాలని సార్‌కు ఆత్రం. భాయ్ గూడ్సు వదిలాడు. అది సొరంగంలో ఉంది, రింగు భాయ్ చేతిలో ఉంది, ఎర్రజెండా నా చేతిలో ఉంది. సార్ అతిథుల వైపు తిరిగి ఏదో చెబుతూ మీట తిప్పేశారు.

సొరంగం బయటికొచ్చే చోట టక్కుమంది. జర్మనీ నుంచి తెప్పించిన ఇంజను బల్ల మీంచి కిందపడి మూతి విరిగింది.

సార్ ముఖం నల్లబడింది. "ఎవరిదయ్యా తప్పు?" అన్నారు.

భాయ్ రింగు పైకెత్తి చూపించాడు. "టోకెన్ నా తాననే ఉంది సార్. ఎక్స్‌ప్రెస్ కదలగూడదు. మీరు సూసుకోలేదు."

ఆ మాట అతిథుల ముందు అన్నాడు. సార్ నావైపు తిరిగారు. "నువ్వు చెప్పు. లైన్ క్లియర్ అన్నాడా లేదా?"

నేను ఎర్రజెండాను మెల్లగా వెనక్కి పెట్టుకున్నాను. "అన్నాడు సార్. అందుకే నేను పచ్చజెండా చూపించిన."

చెప్పడం చాలా తేలిగ్గా ఉంది. బొమ్మ రైలు, బొమ్మ ప్రమాదం, ఎవరిదైతే ఏమిటి అనుకున్నాను. భాయ్ నావైపు ఒకసారి చూసి, రింగును బల్ల అంచున పెట్టాడు.

తర్వాతి శుక్రవారం భోజనం లేదు, విచారణ ఉంది. నిజంగానే. సార్ 'ప్రమాద విచారణ నివేదిక' అని కాగితం టైపు చేసుకుని కూర్చున్నారు. అటు స్టేషన్ మాస్టర్ అజాగ్రత్తగా లైన్ క్లియర్ ఇచ్చినందువల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. సాక్షిగా నేను సంతకం పెట్టాను. సార్ పెన్ను భాయ్ వైపు జరిపారు. "తప్పు ఒప్పుకుని సంతకం పెట్టేయ్. లిస్టు సంగతి నేను చూసుకుంటాగా."

భాయ్ పెన్ను ముట్టుకోలేదు. "ఆలోచించుకుంటా సార్" అన్నాడు.

బస్టాపు దాకా నడుస్తూ నేను చెప్పని మాట లేదు. "భాయ్, నీకేమన్న పిచ్చా? అది బొమ్మ రైలు. పిల్లలాట. పెట్టు సంతకం, ఖలాస్. పిల్ల సదువు సూడు. ఆ ముసలోని ఆటకు నువ్వెందుకు బలయితవ్?"

బస్సు దూరంగా కనిపించాక ఆయన అన్నాడు.

"మా నాయన ముప్పై ఏండ్లు టోకెన్ ఇచ్చినాడు, ఒక్క బండీ గుద్దుకోలేదు. ఆయన కొడుకు రైళ్ళు గుద్దించినాడని నా సేత్తో నేను రాయలేనన్నా. నువ్వు అన్నెట్ల అది బొమ్మే. మరి బొమ్మ తాన గూడ నిజం చెప్పలేకపోతివే."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నేను తర్వాతి బస్సుకు వెళ్ళాను.

ఆ నెలాఖరుకు లిస్టు వచ్చింది. నా పేరు లేదు. భాయ్ వీసా రద్దు కాగితాల మీద అడిగినచోటల్లా సంతకం పెట్టాడు, ఆ ఒక్క కాగితం మీద తప్ప. వెళ్ళేముందు గిడ్డంగిలో అందరికీ చేయి కలిపాడు. నాకూ కలిపాడు. అదే బాధ. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మాకు సెలవు ఆదివారం. రైలు గదికి వెళ్ళడం మాత్రం మారలేదు, నేనే ఇప్పుడు రెండు స్టేషన్లకూ మాస్టర్‌ని. సార్ ఆ నివేదికను అద్దం బిగించి గోడకు తగిలించారు. వచ్చినవాళ్ళు చదివి పొట్ట పట్టుకుని నవ్వుతారు. నా సంతకం పక్కన ఖాళీ ఎందుకుందని ఎవరో ఒకరు అడుగుతారు. "తప్పు చేసినవాడు పారిపోయాడు" అంటారు సార్. జెండా చేత్తో పట్టుకుని, అందరితోపాటు నేనూ నవ్వుతాను.