అన్నయ్య లారీకి గట్టి స్ప్రింగులు

అన్నయ్యకి పెట్టిన పిండం కాకి ముట్టలేదు. వజ్రపుకొత్తూరు తీరాన కొబ్బరితోటలో ఆకు పరిచి, మేమంతా దూరంగా నిలబడ్డాం. కాకులు మట్టల మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. అవి ముడితేగాని ఇంట్లో ఎవరూ ఎంగిలి పడకూడదు. పోయినవాడికి ఏ కోరికో మిగిలిపోయిందని తలా ఒక మాట ఇస్తున్నారు. అమ్మని చూసుకుంటామన్నారు. ఒక మావయ్య నా పెళ్లి కూడా చేయిస్తానని మాటిచ్చేశాడు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, ఓపిక అంతకన్నా లేదు.

"నీ లారీకి గట్టి స్ప్రింగులు నానేయిత్తాను. బరువు మోయిత్తాను. ఇంక రా!" అని విసుగ్గా అరిచాను.

ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను మాత్రం ఆ కాకి పోయిన వైపే చూస్తూ ఉండిపోయాను.

లారీ అంటే రిమోట్‌తో నడిచే బొమ్మ లారీ. అన్నయ్య పలాస నుంచి జీడిపప్పు లోడ్లు తోలేవాడు. మా ఉద్దానంలో చాలామందికి పోయినట్టే అతనికీ కిడ్నీలు పోయాయి. డయాలసిస్‌కి పడ్డాక అసలు లారీ దిగి, ఈ మూరెడు లారీ తెప్పించుకున్నాడు. పెరట్లో సిమెంటు కళ్లం పక్కన మంచం వేయించుకుని, దాని మీద కూర్చునే తోలేవాడు. వంటింటి గుమ్మం దగ్గరి క్యాన్‌లోంచి నిండు సీసా నీళ్లు, కళ్లం అవతల చూరు కింద జీడిపిక్కలు కొట్టే అమ్మకి లారీ మీద పంపాలని అతని పట్టుదల. సీసా పెట్టగానే వెనక భాగం కుంగి, చక్రాలు బాడీకి రాసుకుని లారీ ఆగిపోయేది.

అతనికి నీళ్లు కొలిచి ఇమ్మన్నాడు డాక్టరు. ఆ కొలత అమ్మ చేతిలో ఉండేది. గ్లాసు మీద గీత దాటి పోసేది కాదు. ఎంత బతిమాలినా పోసేది కాదు. "నాకెలాగూ నేదు గదే. నువ్వు తాగుతుంటే సూత్తాను, నాకు సల్లగుంటాది" అనేవాడు. గట్టి స్ప్రింగులకు ఆర్డరు పెట్టాడు. అవి వచ్చేసరికి అతను లేడు.

అప్పటినుంచి అమ్మ కూడా ఆ గీత వరకే తాగుతోంది. అదే గ్లాసు. ఉప్పుగాలి, ఉక్క, పిక్కలు కాల్చే పొగ, వీటి మధ్య ఆ గుక్కెడు నీళ్లు. ఒకరోజు కళ్లు తిరిగి పడిపోయింది. ఇలాగే ఉంటే నీ కిడ్నీలు కూడా పోతాయన్నాడు డాక్టరు. "పోనీ" అంది. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది.

ఆ కోపంతోనే పార్సిల్ విప్పాను. పాత స్ప్రింగుల తీగ సన్నం, రెండు వేళ్లతో నొక్కితే అణిగిపోతుంది. కొత్తవాటిని నొక్కితే వేలే నొప్పెట్టింది. వెనక చక్రాలకి వేస్తే చాలేమో, నేను ముందు చక్రాలకి కూడా బిగించేశాను. కళ్లం మీద వదిలితే మేకపిల్లలా ఎగిరి బోర్లాపడింది.

"బరువెయ్యి" అంది అమ్మ, తల ఎత్తకుండానే. "కాళీ లారీ ఎగురుతాదని ఆడు సెప్పేవోడు కాదేటి?"

నిండు సీసా పడుకోబెట్టి కట్టాను. లారీ కుంగలేదు, సమంగా నిలబడింది. తిన్నగా తోలుతున్నా ఎడమకి లాగింది, అన్నయ్య మంచం ఉండే వైపు. అక్కడికి వెళ్లి ఆగింది. స్ప్రింగు ఎక్కడో వంకరగా కూర్చుని ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ తిప్పి అమ్మ ముందుకి తెచ్చాను.

అమ్మ సీసా ముట్టలేదు.

"ఆడడిగితే ఇయ్యనేదు. నానెలా తాగనురా?"

"నువ్వు తాగితే సల్లగుంటాదన్నాడు కదే! అదీ ఇయ్యవా ఆడికి?" అని అరిచాను. ఏడుపు ఆగలేదు నాకు.

అమ్మ చేతిలోని పిక్క కింద పెట్టింది. జీడి అంటి నల్లబడిన వేళ్లతో కట్టు విప్పి, సీసా ఎత్తి తాగింది. గడ్డం మీదుగా చీర మీదికి కారుతున్నా ఆగలేదు. మొత్తం తాగేసి ఖాళీ సీసా లారీ మీద పెట్టింది. చేయి తీయకుండా, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా అంది.

"ఇంకోటి అట్టుకురమ్మను ఆడ్ని."