ఖాళీ సూట్‌కేసుతో వైడెన్‌థాల్‌కు: తోట రైలు కోసం ఒక శనివారం

పెరట్లో కంకర మీద నడిపే పెద్ద సైజు బొమ్మ రైళ్ల పిచ్చి ఎలా మొదలైందని అడిగితే, ఒక్కొక్కరు ఒక్కో ముచ్చటైన కారణం చెప్తారు. నా కారణం చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నేను కుళ్లుతో మొదలుపెట్టాను. ఆ కుళ్లుకి కారణమైనవాడు జీవన్. జర్మనీలోని కాట్‌బస్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు రెండేళ్లు నాతో ఒకే గదిలో ఉన్నాడు. నాకంటే ఏడాది చిన్న కాబట్టి "అన్నా" అంటాడు, నేను "తమ్మీ" అంటాను. ఇప్పుడు వాడు కైసర్స్‌లౌటర్న్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాడు. నేను స్టుట్‌గార్ట్ పక్కన బోబ్లింగెన్‌లో ఉంటూ కార్ల విడిభాగాలు చేసే కంపెనీకి వెళ్తున్నాను. 2021లో కరోనా దెబ్బకు మా కంపెనీ కుర్జ్‌ఆర్బైట్, అంటే పని గంటల కోత, పెట్టింది. వారానికి మూడు రోజులే పని, మిగతా నాలుగు రోజులూ రెండు గదుల ఇంట్లో కూర్చుని ఫోన్ చూడటమే. ఫోన్ తెరిస్తే జీవన్ పంపిన వీడియోలు. వాడు తోట ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, ఆ తోటలో పట్టాలు వేశాడు, ఆ పట్టాల మీద గూడ్సు బండి తిప్పుతున్నాడు.

నేను పుట్టి పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో. మా నాన్న సిగ్నల్ విభాగంలో పనిచేసేవారు. కూత వింటే ఏ బండో చెప్పేవాణ్ణి. జీవన్‌ది అమలాపురం. వాళ్ల ఊళ్లో కొబ్బరిచెట్లున్నాయి, కాలవలున్నాయి, రైలు మాత్రం లేదు. రైలు వస్తోంది, వచ్చేస్తోంది అని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగానని వాడే చెప్పేవాడు. వాడు మొదటిసారి రైలెక్కింది ఇంజినీరింగ్‌లో చేరడానికి వెళ్లినప్పుడు, అదీ రాజమండ్రి దాకా బస్సులో పోయి. కాట్‌బస్‌లో రెండేళ్లూ వాణ్ణి "రైలు లేని ఊరోడా" అని ఆటపట్టించాను. అలాంటివాడికి తోటలో సొంత రైలు, జంక్షన్‌లో పుట్టిన నాకు మీటరున్నర కూడా లేని బాల్కనీ! కళ్లలో నిప్పులు పోసుకోకుండా ఎలా ఉంటాను?

జూన్‌లో ఒకరోజు జీవన్ నాకు ఒక ప్రకటన పంపాడు. వైడెన్‌థాల్ అనే పల్లెలో ఒక పెద్దాయన తన తోట రైలు అమ్మేస్తున్నాడు. చూడ్డానికి ఆవిరి ఇంజిను, లోపల కరెంటు మోటారు, దానితో మూడు ఎర్ర పాసింజర్ పెట్టెలు. "అన్నా, మోటార్ల సంగతి నీకు బాగా తెలుసు కదా, వీడియోలో శబ్దం ఒకసారి వినవా, తీసుకోవచ్చంటావా?" అని అడిగాడు. విన్నాను. శబ్దం బంగారంలా ఉంది. "తొందరపడకు తమ్మీ, ఏదో తేడాగ వినిపిస్తున్నది, కొన్ని రోజులు ఆగు" అని రాశాను. ఆ తర్వాత పది నిమిషాలకు, ఆ పెద్దాయన అడిగిన ధరకు ముప్ఫై యూరోలు కలిపి నేనే మెయిల్ పెట్టాను.

ఆయన పేరు లెంజ్. జవాబులో ధర ఊసే ఎత్తలేదు. అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకూ కొని మళ్లీ అమ్ముకునేవాళ్లకూ ఇవ్వను, రైలు ఎక్కడ నడుస్తుందో ఫోటో పంపండి అన్నాడు. ఇక్కడ పాత రైళ్లు అమ్మే ముసలివాళ్లలో ఈ పట్టింపు చాలామందికి ఉంటుందని తర్వాత తెలిసింది. పిల్లనిచ్చేముందు ఇల్లు చూసుకున్నట్టు చూస్తారు. నా దగ్గరున్నది బాల్కనీ, దాని నిండా మా ఆవిడ ఆరేసిన బట్టలు. అందుకని జీవన్ నాకెప్పుడో పంపిన వాడి తోట ఫోటో పంపాను. ఎడమ అంచున వాడి పాదం పడితే అంతవరకు కత్తిరించేశాను. లెంజ్ శనివారం రమ్మన్నాడు.

బోబ్లింగెన్‌లో ఉదయం ఆరూ నలభైకి ఎస్-బాన్, అంటే లోకల్ రైలు, ఎక్కాను. ప్రాంతీయ రైళ్లలో దేశమంతా తిరగగలిగే ఒకరోజు టికెట్ నలభై యూరోల పై చిల్లర. మామూలు రోజుల్లో అది తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, వారాంతంలో అలా ఆగనక్కర్లేదు కాబట్టి ఇలాంటి పనికి శనివారమే మంచిది. చేతిలో ఇండియా వెళ్లేటప్పుడు వాడే పెద్ద సూట్‌కేసు, ఖాళీది. లోపల రెండు పాత దుప్పట్లు మాత్రం వేసుకున్నాను. స్టుట్‌గార్ట్ నుంచి మన్‌హైమ్‌కు ప్రాంతీయ రైల్లో దాదాపు రెండు గంటలు. పెట్టెలో నలుగురమే ఉన్నాం, నలుగురం నాలుగు మూలల్లో, ముక్కులు నొక్కుకుపోయే ఎఫ్‌ఎఫ్‌పీటూ మాస్కుల్లో. టికెట్ చూడటానికి వచ్చినావిడ సూట్‌కేసు చూసి "ఇప్పుడు కూడా సెలవులకు వెళ్తున్నారా?" అని అడిగింది. రైలు తెచ్చుకోవడానికి వెళ్తున్నానంటే మాస్కు కదిలిపోయేంతగా నవ్వింది. "రైలెక్కి రైలు కోసమా! తెచ్చేదానికి కూడా టికెట్ కొనాల్సి వస్తుంది జాగ్రత్త" అని పక్క పెట్టెలోకి వెళ్లింది. నవ్వాల్సింది, కానీ నాకు నవ్వు రాలేదు.

మన్‌హైమ్‌లో ఇరవై నిమిషాలు దొరుకుతాయి. వెన్న రాసిన బ్రెజెల్ రొట్టె, కాఫీ కలిపి ఐదు యూరోల లోపే. కూర్చుని తినడానికి లేదు కాబట్టి స్టేషన్ బయట గోడకానుకుని తినాలి. అక్కడినుంచి కైసర్స్‌లౌటర్న్ వైపు పోయే ఎస్-బాన్ ఎక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. నోయ్‌స్టాట్ దాకా ద్రాక్షతోటలు, అది దాటగానే అడవి, లోయ, ఒకదాని వెనక ఒకటి సొరంగాలు. మామూలుగా అయితే నేను కిటికీకి అతుక్కుపోయేవాణ్ణి. ఆ రోజు మాత్రం ప్రతి సొరంగంలోనూ అద్దంలో నా మొహమే కనిపించి చిరాకేసింది.

పదకొండు లోపే వైడెన్‌థాల్‌లో దిగాను. లెంజ్ ఇల్లు స్టేషన్ నుంచి గుట్ట మీదికి పది నిమిషాల నడక. మనిషి పొడుగ్గా ఉన్నాడు, రెండు మోకాళ్లకూ పట్టీలు. ఇంట్లోకి పిలవలేదు, ఆ రోజుల్లో ఎవరూ పిలిచేవారు కాదు. తోటలోనే మూడు మీటర్ల దూరంలో రెండు కుర్చీలు, మధ్యలో బల్ల వేసి ఉంచాడు. ఇంజిను బల్ల మీద పెట్టి తను వెనక్కి జరిగాడు, నేను ముందుకెళ్లి చూశాను. మూరెడు పొడవు, నాలుగు కిలోల బరువు. చక్రాలు ఒక్కొక్కటీ వేలితో తడిమాను. ఆ తర్వాత ఆయన ఒక ఫోటో బల్ల మీద పెట్టాడు. నేను పంపిందే, కాగితం మీద అచ్చువేసి ఉంది.

"ఈ ఆకుపచ్చ నీళ్లడబ్బా మీదేనా?" అన్నాడు.

"మాదే."

"ఈ ప్లమ్ చెట్టు?"

"అది కూడా."

ఆయన జేబులోంచి ఇంకో కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. అదే తోట, అదే డబ్బా, అదే చెట్టు. ఎడమ అంచున నీలం హవాయి చెప్పు వేసుకున్న పాదం. "మరి ఈ కాలెవరిది?"

నేను కత్తిరించేసిన పాదం అదే. నేను ఆగమన్నా జీవన్ ఆగలేదు. వాడు కూడా ఆయనకు రాశాడు, తన తోట ఫోటో తానే పంపుకున్నాడు.

లెంజ్ గొంతు పెంచలేదు. "ఇద్దరూ మోసగాళ్లేనేమో అనుకున్నాను. నిన్న ఈ చెప్పులాయనకు ఫోన్ చేసి, మీ పేరు చెప్పి ఇదేంటని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, అతను మా అన్న, అతనికే ఇచ్చేయండి అన్నాడు. అందుకే మిమ్మల్ని రానిచ్చాను. ఇప్పుడు చెప్పండి, ఇది నిజంగా ఎక్కడ నడుస్తుంది?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేకపోయింది. నాకు తోట లేదని, బాల్కనీ ఉందని, దాని వెడల్పు మీటరూ నలభై అని చెప్పాను. ఆయన మోకాళ్లు పట్టుకుని కూర్చుని వేళ్లతో లెక్క వేశాడు. "అన్నిటికంటే చిన్న వంపు ముక్కలు పన్నెండు కలిపితే గుండ్రం అవుతుంది, అడ్డంగా మీటరూ ముప్ఫై వస్తుంది. పడుతుంది, కానీ మీరు నిలబడటానికి చోటుండదు. ఆ బాల్కనీ ఫోటోనే ఎందుకు పంపలేదు? నా మొదటి పట్టాలు అటక మీద, మా ఆవిడ బట్టలారేసే తాడు కింద వేశాను" అన్నాడు. తర్వాత గంటసేపు తన తోట గట్టు వెంట నడుస్తూ అన్నీ చూపించాడు. మట్టి మీద నేరుగా వేయకూడదట, ఒక జానెడు తవ్వి కంకర నింపి, నీటిమట్టం పెట్టి చదును చేయాలట. చోటుంటే వంపు ఎంత పెద్దదైతే అంత మంచిది, పొడుగు పెట్టెలు చిన్న వంపులో పట్టాలు తప్పుతాయి. ఇత్తడి పట్టాలకు చిలుము పడితే కరెంటు అందదు కాబట్టి నడిపే ముందు తుడవాలి. "తుడవాలంటే వంగాలి. నేను వంగలేను, అందుకే అమ్మేస్తున్నాను" అన్నాడు. డబ్బు తీసుకున్నాడు, నేను కలిపిన ముప్ఫై మాత్రం తిరిగి బల్ల మీద పెట్టాడు. పన్నెండు వంపు ముక్కలు ఒక సంచిలో వేసి "ఇవి బాల్కనీకి" అన్నాడు.

వైడెన్‌థాల్ స్టేషన్‌లో ఒకవైపు మన్‌హైమ్ బండి, ఇంకోవైపు కైసర్స్‌లౌటర్న్ బండి ఆగుతాయి. నేను మన్‌హైమ్ వైపు కూర్చున్నాను. జీవన్ ఊరు అక్కడికి రైల్లో ఇరవై నిమిషాల దూరం. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? వెళ్లకపోతే ఇక వాడికి ఎప్పటికీ ఫోన్ చేయలేనని కూడా తెలుసు. మన్‌హైమ్ బండి వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, వెళ్లిపోయింది. సూట్‌కేసు ఈడ్చుకుంటూ అటువైపుకు వెళ్లాను.

వస్తున్నానని రైల్లోంచే ఒక మెసేజ్ పెట్టాను. కైసర్స్‌లౌటర్న్ స్టేషన్ నుంచి బస్సులో పావుగంట. జీవన్ గేటు దగ్గరే ఉన్నాడు, అవే నీలం చెప్పులు.

"ఏంటన్నా, మోటారు తేడాగా ఉందన్నావు, తెచ్చేసుకున్నావేంటి?" అన్నాడు నవ్వుతూ.

"మోటారు మంచిగనే ఉన్నది తమ్మీ. నా బుద్ధే మంచిగ లేకుండె" అన్నాను.

"సర్లే, ముందు లోపలికి రా. రొయ్యలు వేయించానన్నా, చల్లారిపోతే బాగోవు."

తోటలోకి వెళ్లాక పట్టాల పక్కన వీడియోల్లో లేనిదొకటి కనిపించింది. ఐస్‌క్రీమ్ డబ్బా మూతకు పసుపు రంగు వేసి, నల్ల అక్షరాలతో మూడు భాషల్లో రాసి, రెండు పుల్లల మీద నిలబెట్టాడు. అమలాపురం. మన స్టేషన్ బోర్డులాగే, అదే వరసలో. దాని ముందు సిమెంటు పలకలతో ప్లాట్‌ఫారం.

"బండి మా ఊరు ఎలాగూ రావట్లేదు కదా, నేనే రప్పించుకుందామని. ఇంతవరకూ గూడ్సే తిరుగుతోందన్నా. స్టేషన్ కట్టాక పాసింజర్ రావాలి కదా, అందుకే ఆ మూడు పెట్టెలడిగాను" అన్నాడు.

నేను ఎత్తుకుపోదామనుకున్నది ఆ మూడు పెట్టెలు. "మరి నాకెందుకు ఇయ్యమన్నవ్?" అని అడిగాను.

"నువ్వడిగితే ఇచ్చేవాణ్ణి కదన్నా. నాతో ఒక్క మాట చెప్పుకోలేకపోయావంటే, నీకెంత కావాలనిపించిందో అనుకున్నాను."

ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని పట్టాలు తుడిచాం, పెట్టెలు తగిలించాం. "నువ్వు జంక్షనోడివి, అనౌన్స్‌మెంటు నువ్వే చెప్పాలి" అన్నాడు. చిన్నప్పుడు వేలసార్లు విన్న మాటలే. దయచేసి వినండి, కాజీపేట నుండి అమలాపురం వెళ్లు పాసింజరు మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును. బండి ప్లమ్ చెట్టు చుట్టూ తిరిగి వచ్చి పసుపు బోర్డు ముందు ఆగింది. జీవన్ చెప్పులు విప్పి పక్కన పెట్టి, గడ్డిలో కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

ఇంజిను, పెట్టెలు అక్కడే వదిలేశాను. వద్దన్నా వినకుండా తన గూడ్సు బండి నా సూట్‌కేసులో సర్దాడు. ఇప్పుడది మా బాల్కనీలో పన్నెండు ముక్కల మీద గుండ్రంగా తిరుగుతోంది. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి చేయి చాపి బట్టలారేస్తోంది, నన్ను తిడుతూనే. నా కుళ్లు పోయిందని రాస్తే మళ్లీ అబద్ధమాడినట్టే. ఆ తోట చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. అంతకంటే ఎక్కువ మండేది వేరే ఉంది. లెంజ్ ఫోన్ చేసినప్పుడు జీవన్ కాసేపు ఆగి ఆ మాట అన్నాడు. అదే ఫోన్ నాకు వచ్చి ఉంటే నేనేమనేవాణ్ణో నాకు తెలుసు.

ఈ సరదా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఒకే సలహా. పాత రైలు కొనేముందు మీకున్న చోటు టేపుతో కొలవండి, అమ్మేవాళ్లు ఫోటో అడిగితే ఆ చోటునే తీసి పంపండి. ఆరేసిన బట్టలు కనిపించినా ఫర్వాలేదు.