అన్నం మానేసిన శ్రమదినాలు

మా నాన్న రైల్వేలో గుమాస్తాగా రిటైరై మౌలాలిలో ఇల్లు కట్టుకున్న ఏడాదికే షుగరు బయటపడింది. డాక్టరు మాత్రలు రాసి, అన్నం తగ్గించమన్నాడు. నాన్న బుద్ధిగా తలూపి వచ్చాడు గానీ కంచంలో గుట్ట తరగలేదు. నేను అప్పటికి బడిలో సైన్సు టీచర్ని. ఇంట్లో అందరికీ అన్నీ చెప్పే హక్కు నాకే ఉందనుకునేదాన్ని.

ఒకరోజు నెట్ సెంటర్లో కూర్చుని ఒక కట్ట కాగితాలు ప్రింటు తీయించుకొచ్చాను. అన్నం, రొట్టె, చక్కెర మానేసి గుడ్లు, మాంసం, ఆకుకూరలు తింటే షుగరు దిగుతుందనీ, మనిషి ఇంకొన్నేళ్ళు ఎక్కువ బతకొచ్చనీ వాటిలో ఉంది. బతకొచ్చు అనే ఉంది. నేను బతుకుతాడనే చదువుకున్నాను.

నాన్న ససేమిరా అన్నాడు. "అన్నం లేకుంటే అది భోజనం ఎట్లయితది బిడ్డా?" అన్నాడు. ఇంతలో శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ మావాళ్ళు ఇష్టమైనదేదో ఒకటి మానుకుంటారు, చాలామంది మాంసం మానుకుంటారు. నేను సందు చూసుకుని, "డాడీ, ఈసారి దేవుని కోసం అన్నం మానెయ్యి" అన్నాను. నాన్న ప్రార్థన చేసుకుని దేవుడికి మాటిచ్చేశాడు. ఇక మెతుకు ముట్టలేదు.

శనివారం శనివారం బోయిన్‌పల్లి మార్కెట్టు నుంచి సంచినిండా గోబీపువ్వులు మోసుకొచ్చేదాన్ని. అమ్మ వాటిని తురిమి, ఆవిరి పట్టి, అన్నం బదులు మటన్ కూరతో పెట్టేది. చర్చిలో పెద్దమనుషులు ఏడిపించారు. "శ్రమదినాలల్ల మటన్ మానేసెటోళ్ళను చూసినం గని, అన్నం మానేసి మటన్ తినెటోన్ని నిన్నే చూస్తున్నం" అన్నారు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. మూడో వారానికి ఆయన ప్యాంటు వదులైంది, మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

నాలుగో ఆదివారం ప్రసంగం మధ్యలో నాన్న చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది. వరండాలోకి నడిపించి కూర్చోబెట్టాను. అమ్మ ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఉంది, ఇంకా చూడలేదు. మా కాలనీలో ఎవరికి కళ్ళు తిరిగినా షుగరు పెరిగిందనడమే అలవాటు. సైన్సు టీచర్ని, నేనూ అదే అనుకున్నాను. జాగ్రత్తకని నా హ్యాండ్‌బ్యాగులో ఉంచుకున్న నాన్న షుగరు మాత్రల షీటులోంచి ఒకటి తీసి మింగించాను. పొద్దున వేసుకున్నది కాక అది రెండోది. కాసేపటికి నాన్న తల వాల్చేశాడు. పిలిస్తే పలకలేదు. చచ్చిపోయాడనుకున్నాను.

ఆటోలో చిలకలగూడలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అమ్మ దారంతా ఏడ్చింది. వాళ్ళు వేలు గుచ్చి చూసి గ్లూకోజు ఎక్కించారు. షుగరు పెరగలేదు, బాగా పడిపోయింది. నాన్న కళ్ళు తెరిచి మామూలుగా మాట్లాడాక డాక్టరమ్మ మమ్మల్ని కోప్పడింది.

"అన్నం తగ్గిస్తే మంచిదే. మొత్తానికే మానేస్తే గోళీలు సుత తగ్గియ్యాలె. ఒక్కసారి మమ్మల్ని అడగొద్దా?"

ఆ ముక్క నా కాగితాల్లోనూ ఉందని తర్వాత చూశాను. చివరి పేజీలో ఉంది. అంతదాకా నేను చదవలేదు.

"ఇయాల ఎన్ని గోళీలు వేసుకున్నరు?" అని ఆమె నాన్నను అడిగింది.

నాన్న నా వైపు చూడలేదు. "రెండు మేడమ్. పొద్దుగాల ఏసుకున్నది యాది మరిచి, ఇంకోటి నేనే ఏసుకున్న" అన్నాడు.

చిన్నప్పుడు అబద్ధమాడానని నన్ను బెల్టుతో కొట్టిన మనిషి. నేను అప్పుడే నోరు తెరవాల్సింది. సిగ్గేసింది, భయమేసింది. తెరవలేదు.

డాక్టరమ్మ మాత్రలు సగానికి తగ్గించింది. ఈస్టరు తర్వాత కూడా నాన్న పూటకు పిడికెడు అన్నంతోనే సరిపెట్టుకున్నాడు. చాలా ఏళ్ళు బతికాడు. అది తిండి మార్చినందుకో, ఆయుష్షు ఉండో నేను చెప్పలేను. ఇప్పుడెవరైనా అడిగితే డాక్టరును అడగమంటాను.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు అమ్మ మాత్రల డబ్బా ఆయన దగ్గర్నుంచి లాక్కుని నా చేతిలో పెట్టింది.

"ఈయనకు మతి ఉంటలేదు. ఇగ నమ్మొద్దు. రోజూ నువ్వే ఇయ్యి" అంది.

నాన్న ఆ పూట మాత్ర కోసం నా ముందు చెయ్యి చాపాడు.